జిగ్‌జాగ్ కుర్చీ చేయడం: ష్రోడర్ ఇంటి శిల్పి నుంచి నాలుగు పలకలు, మూడు మూలలు

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో, ప్రిన్స్ హెండ్రిక్‌లాన్ వీధిలో ఇటుక ఇళ్ల వరుస చివర 1924లో ఒక ఇల్లు లేచింది. ట్రూస్ ష్రోడర్ కోసం గెరిట్ రీట్‌ఫెల్డ్ కట్టిన ఈ ఇంటికి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. రీట్‌ఫెల్డ్ వడ్రంగి కొడుకు. భవనాలకు రాకముందే బల్లలూ కుర్చీలూ చేసినవాడు. అందుకే ఆ ఇంట్లో గోడలు కూడా సామానులాగే పనిచేస్తాయి: పై అంతస్తులో పలకలు జరిపితే గదులు, తీస్తే ఒకే హాలు. భోజనం చేసే చోట రెండు కిటికీలు మూల దగ్గర కలుస్తాయి. వాటి మధ్య నిలువు కంబం లేదు. రెండూ తెరిస్తే గది మూలే మాయమవుతుంది. బరువును దూరంగా ఉన్న ఉక్కూ గోడలూ మోస్తాయి. చూడ్డానికి కాంక్రీటు పలకల్ని పేర్చినట్టు ఉంటుంది గానీ, గోడలు చాలావరకు ప్లాస్టర్ చేసిన ఇటుకే.

1930ల మొదట్లో ఆయన రూపొందించిన జిగ్‌జాగ్ కుర్చీలోనూ ఇదే ఉపాయం. వెనక కాళ్లు లేవు, ముందు కాళ్లూ లేవు. ఒకే పలకను మూడుచోట్ల మడిచినట్టు కనిపిస్తుంది. నిజానికి అవి నాలుగు పలకలు. వాటిని నిలబెట్టేది మూలల్లో పెట్టిన త్రికోణపు చీలలూ (మేకులు కావు, కోణంలో ఇరికించే చెక్క దిమ్మలు), మరలూ (స్క్రూలు), వీపు దగ్గరి డవ్‌టైల్ అతుకూ (పావురం తోకలా వెడల్పయ్యే పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే అతుకు). కుర్చీ చేయడమంటే ఆ మూడు మూలలు చేయడమే. మిగతాది చెక్క కోసుకోవడం.

ఏ మూల మీద ఏ బలం పడుతుంది

పక్కనుంచి చూస్తే కింద నేలమీద ఒక పలక (అడుగు), దాని వెనక చివర నుంచి ముందుకు, పైకి ఏటవాలుగా లేచే పలక (వాలు), దాని పైకొన నుంచి వెనక్కి పోయే సీటు, సీటు చివర నిలువుగా వీపు. మనిషి సీటు మధ్యలో కూర్చుంటే సీటు వెనక భాగం కిందికి పోవాలని చూస్తుంది. అంటే సీటుకూ వాలుకూ మధ్య ఉన్న 45 డిగ్రీల కోణం మూసుకుపోవాలని చూస్తుంది. కింది మూలలోనూ అంతే, వాలు ముందుకు ఒరిగి అడుగుతో ఉన్న కోణం మూసుకోబోతుంది. కాబట్టి కోణం లోపల పెట్టిన చీల మీద నొక్కుడు, బయటి అంచు దగ్గర లాగుడు. చీల నొక్కుడును తేలిగ్గా తట్టుకుంటుంది. లాగుడు కోసమే మరలు.

80 కిలోల మనిషి కాస్త వెనక్కి జరిగి, ముందు మూల నుంచి 25 సెంటీమీటర్ల దూరాన కూర్చున్నాడనుకోండి. ఆ మూల మీద సుమారు 200 న్యూటన్ మీటర్ల వంచే బలం (మొమెంట్) పడుతుంది. 370 మి.మీ. వెడల్పు, 22 మి.మీ. మందం ఉన్న గట్టి చెక్కకు అది పెద్ద లెక్క కాదు. కానీ ఒక్క షరతు: చెక్క నార కుర్చీ వంపుల వెంట, అంటే అడుగు నుంచి వాలు మీదుగా సీటు, వీపు దాకా పరుగెత్తాలి. నార అడ్డంగా, వెడల్పు వైపు పోతే పలక బిస్కెట్‌లా చిట్లుతుంది. దీంతో ఒక చిక్కూ వస్తుంది. నార అలా ఉంటే వాలు పలక కొసలు రెండూ తెగిన నార ముఖాలే అవుతాయి. జిగురు అక్కడ సరిగా పట్టదు. డోవెల్ పిన్నులతో (గుండ్రటి చెక్క మేకులతో) సరిపెడదామనుకుంటే అవి లాగుడుకు జారి బయటికొస్తాయి. చీలలు అలంకారం కావని చెప్పేది ఇందుకే.

చెక్క, కొలతలు

రీట్‌ఫెల్డ్ చేసిన అసలు కుర్చీ సుమారు 37 సెం.మీ. వెడల్పు, 43 లోతు, 74 ఎత్తు. సీటు ఎత్తు 43. ఇక్కడ ఇచ్చిన కొలతలు దాని నకలు కావు. కోణాలన్నీ కచ్చితంగా 45 డిగ్రీలకు సరిచేశాం, అందువల్ల లోతు 46 సెం.మీ. దాకా పోతుంది. బదులుగా రంపం ఒకే కోణంలో పెడితే చాలు. సొంతానికి చేసుకునే కుర్చీగానే చూడండి. రీట్‌ఫెల్డ్ 1964లో పోయారు, యూరప్‌లో ఆయన రూపాల మీద హక్కులు 2034 చివరిదాకా ఉంటాయి. అమ్మకానికి చేయడం వేరే సంగతి.

అన్నీ 22 మి.మీ. మందం, 370 మి.మీ. వెడల్పు:

అడుగు: 440 (కింది ముఖం మీద కొలత)
వాలు: 546 (ఏ ముఖం మీద కొలిచినా ఇంతే)
సీటు: 400 (పై ముఖం మీద కొలత)
వీపు: 332
చీలల కోసం: 70 మి.మీ. పొడవు ముక్కలు మూడు

ఓక్, బీచ్, ఎల్మ్, టేకు ఏదైనా పనికొస్తుంది. మెత్తటి పైన్ వద్దు, మరలు దాంట్లో నిలవవు. ముడులున్న చోటు మూలలకు 100 మి.మీ. లోపల రాకూడదు. 25 మి.మీ. మందపు చెక్క తెచ్చి 22కి చిత్రిక పట్టండి. 370 వెడల్పు ఒకే పలకగా దొరికినా తీసుకోవద్దు, అది డొప్పదేలుతుంది. 95 నుంచి 125 మి.మీ. వెడల్పున్న మూడు నాలుగు పట్టీలను అంచులు కలిపి అతికించండి. 2.2 మీటర్ల పొడవున్న ఒకే పలక తయారుచేసి, అడుగు, వాలు, సీటు, వీపు ఈ వరుసలోనే కోస్తే నార గీతలు మడతల మీదుగా తెగకుండా సాగుతాయి. ముక్కల మీద వరుస సంఖ్యలూ, ఏది పై ముఖమో బాణం గుర్తూ పెన్సిల్‌తో వేసుకోండి. కోశాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పూర్తయిన కుర్చీ దాదాపు 10 కిలోలు తూగుతుంది.

మరలు 5 మి.మీ. లావువి: 50 మి.మీ. పొడవువి పద్దెనిమిది, 60 మి.మీ. పొడవువి పది. జిగురు మూలలకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడేది), డవ్‌టైల్‌కూ పలకల అతుకులకూ పీవీఏ (వడ్రంగుల తెల్ల జిగురు). టేకయితే జిగురు పెట్టే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించండి, దాని నూనె జిగురును పట్టనివ్వదు.

వాలు కోయడం

రంపం పలకను 45 డిగ్రీలకు వంచండి. పనికిరాని ముక్క మీద రెండు కోతలు కోసి, కోసిన ముఖాలు కలిపి మూలమట్టం పెట్టి చూడండి, సరిగ్గా 90 రావాలి. ఇప్పుడు ఒక కొస కోయండి. రెండో కొస కోసేముందు పలకను బోర్లా తిప్పాలి. ఎక్కువ పలకలు పాడయ్యేది ఇక్కడే. పై ముఖం పైనే ఉంచి, పలకను గుండ్రంగా తిప్పి రెండో కొస కోస్తే రెండు కోతలూ ఎదురెదురుగా వాలి ట్రాపీజియం వస్తుంది. మనకు కావలసింది సమాంతర చతుర్భుజం, రెండు కోతలూ ఒకే దిక్కుకు వాలాలి. కోసేముందు పలక పక్క అంచు మీద ఆ రెండు గీతలూ గీసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఇంకో సంగతి. కోణం 45కి బదులు 44 వచ్చినా, రెండు కోతలూ సమాంతరంగా ఉన్నంతవరకు సీటు నేలకు సమాంతరంగానే ఉంటుంది. కుర్చీ వాలు మాత్రం కొంచెం మారుతుంది. అదే రెండు కొసల మధ్య ఒక డిగ్రీ తేడా వస్తే సీటు వెనక అంచు 7 మి.మీ. ఎత్తో పల్లమో అవుతుంది. అంటే కోణం కన్నా సమాంతరం ముఖ్యం.

అదే కోణంలో సీటు ముందు అంచునూ, అడుగు వెనక అంచునూ కోయండి. సీటుకు పై ముఖం 400, కింది ముఖం 378 ఉండాలి. అడుగుకు కింది ముఖం 440, పై ముఖం 418. బిగించాక ఈ వాలు అంచులు వాలు పలక బయటి ముఖంతో ఒకే గీతలో కలుస్తాయి. సీటు పై అంచు చాలా పదునుగా ఉంటుంది, చివర్లో గుండ్రం చేస్తాం.

చీలలు

మూడు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అతికించి 66 మి.మీ. మందపు దిమ్మ చేయండి. మూడింటిలోనూ నార 70 మి.మీ. వైపే పోవాలి, 370 వైపు కాదు. చూడ్డానికి ఇది తప్పనిపిస్తుంది, ఎవరైనా సన్నటి పొడవు ముక్కకు నార పొడవు వెంటే పెట్టుకుంటారు. కానీ సీటు పలక వెడల్పు తేమను బట్టి ఏడాదిలో మూడు నాలుగు మి.మీ. దాకా పెరిగి తగ్గుతుంది. పొడవు వెంట నార ఉన్న చీల కదలదు. రెండూ బిగుసుకుని ఉంటే జిగురు గీత విడిపోతుంది, లేదా సీటు మధ్యలో చీలుతుంది. నార పొట్టిగా ఉంటే చీల కూడా సీటుతోపాటే కదులుతుంది. అలాంటి ముక్క చేతిలో పెళుసుగా ఉంటుంది, నిజమే. జాగ్రత్తగా పట్టుకోండి. బిగించాక దానిమీద పడేది నొక్కుడే.

దిమ్మను 66 చదరానికి సరిచేసి, మూల నుంచి మూలకు 45 డిగ్రీల్లో చీరితే రెండు చీలలు వస్తాయి. చిత్రిక పట్టాక ఒక్కో చీల పొట్టి భుజాలు 60 మి.మీ. ఉండాలి. పొడవు ముఖం వాలు పలకకు, ఒక పొట్టి ముఖం సీటుకు (కింద అయితే అడుగుకు) ఆనుతాయి. మూడోది నిలువుగా కనిపిస్తుంది. పొడి అమరికలో చీల పక్కన కాగితం ముక్క కూడా దూరకూడదు. దూరిందంటే చీలనే చిత్రిక పట్టి సరిచేయండి, పలకల జోలికి పోవద్దు.

డవ్‌టైల్: టెయిల్స్ ఏ పలకకు?

సీటు వెనక అంచుకూ వీపు కింది అంచుకూ డవ్‌టైల్ అతుకు. టెయిల్స్ (కొసకు వెడల్పయ్యే తోక ఆకారపు పళ్లు) సీటు పలక మీద కోయండి, పిన్నులు (వాటి మధ్య సందుల్లో దూరే పళ్లు) వీపు మీద. కూర్చున్నవాళ్లు వెనక్కి ఆనినప్పుడు వీపు వెనక్కి జారిపోవాలని చూస్తుంది. టెయిల్స్ సీటులో ఉంటే ఆ దిశలో అది మెకానికల్‌గానే ఇరుక్కుని ఉంటుంది, జిగురు మీద ఆధారపడదు. కుర్చీని వీపు పట్టి ఎత్తినప్పుడు మాత్రం పని జిగురుది. పది కిలోల బరువే కాబట్టి పరవాలేదు.

ఐదు టెయిల్స్, వాటి మధ్య నాలుగు పిన్నులు, రెండు అంచుల్లో అర పిన్నులు. పిన్నుల సన్నటి వైపు 12 మి.మీ., టెయిల్స్ వెడల్పు వైపు సుమారు 60. ఈ పళ్ల పక్కల వాలు ఎనిమిదికి ఒకటి. అతుకు గీత పలక మందం కన్నా అర మి.మీ. ఎక్కువ లోతులో గీయండి, కొసలు కొంచెం బయటికి పొడుచుకుంటే తర్వాత చిత్రికతో సమం చేయవచ్చు. ముందు టెయిల్స్ కోసి, వాటినే వీపు కొస మీద పెట్టి, కత్తి మొనతో పిన్నులు గీయండి. పెన్సిల్ గీత మందమే ఇక్కడ వదులు అవుతుంది. రంపాన్ని గీతకు పారేసే వైపు నడిపి, మిగిలింది ఉలితో రెండు ముఖాల నుంచీ మధ్యకు తీయండి. ఒకవైపు నుంచే కొట్టుకుపోతే అవతలి ముఖం చిట్లుతుంది. పొడిగా బిగించి చూసేటప్పుడు సగం దాకా దిగనిచ్చి ఆపండి. డవ్‌టైల్‌ను పదిసార్లు పెట్టి తీస్తే వదులైపోతుంది.

నిలువు వీపు కొందరికి గట్టిగా అనిపిస్తుంది. ఐదు డిగ్రీలు వాల్చాలంటే రెండు పలకల అతుకు గీతలూ ఆ కోణంలో గీసి కోయాలి. చేయి తిరిగినవాళ్లకే ఆ పని. మొదటి కుర్చీకి 90 చాలు.

మరల అమరిక, బిగింపు

అన్నిటినీ ముందు జిగురు లేకుండా మరలతోనే బిగించి చూడాలి. సీటు పై ముఖం మీద, ముందు అంచు మొన నుంచి 67 మి.మీ. దగ్గర ఒక అడ్డగీత, 97 దగ్గర ఇంకోటి గీయండి. రెండు గీతల మీదా పక్క అంచు నుంచి 35, 110, 185, 260, 335 దూరాల్లో గుర్తులు. 67 గీత మీద 50 మి.మీ. మరలు, 97 గీత మీద 60వి, నిటారుగా కిందికి. వాలు పలక బయటి ముఖం మీద, సీటు కింది అంచు నుంచి 42 మి.మీ. దిగువన ఇంకో గీత. దానిమీద 72, 147, 222, 297 దగ్గర 50 మి.మీ. మరలు, ఆ ముఖానికి లంబంగా. ఇవి వాలునూ చీలనూ దాటి సీటులోకి పది మి.మీ. దాకా దిగుతాయి. గుర్తులు ఎడం ఎడంగా పెట్టింది రెండు వరుసల మరలూ లోపల ఢీకొనకుండా ఉండడానికే. ఒకే గీత మీద పెడితే బరమా మొన ఇంకో మరకు తగిలి విరుగుతుంది.

మర తల దిగడానికి 10 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు గుంట. అంతకు మించి లోతుగా పోతే 50 మి.మీ. మర మొన అవతలి ముఖానికి దగ్గరవుతుంది. పై పలకలో 5 మి.మీ. రంధ్రం, మర కరుచుకునే చెక్కలో 3.5. గట్టి చెక్కలో ముందు రంధ్రం లేకుండా మర తిప్పితే తలే తెగుతుంది. బరమాకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి.

కింది మూల అచ్చం పై మూలే, తలకిందులుగా. కొలతలు అడుగు పలక కింది ముఖం మీద వెనక మొన నుంచి మొదలవుతాయి. వాలుకు మరలు దాని వెనక పై ముఖం నుంచి వస్తాయి.

జిగురు వేళ వరుస ఇది. ముందు సీటు, వీపు డవ్‌టైల్ అతికించి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత వాలు, కింది చీల, అడుగు. అది గట్టిపడ్డాక పై చీల, సీటు. వాలు కొసల తెగిన నార ఎపాక్సీని లోపలికి పీల్చేస్తుంది. అందుకే పలచగా ఒక పూత రాసి పది నిమిషాలు ఆగి, మళ్లీ నిండుగా రాసి బిగించండి. మొదటి పూత మానేస్తే అతుకు ఎండిపోయి, పైకి బాగానే కనిపిస్తూ లోపల డొల్లగా ఉంటుంది. ఈ ఆకారానికి క్లాంపులు జారిపోతాయి కాబట్టి మరలే క్లాంపులు. అన్నిటినీ సగం సగం బిగించి, మధ్యవి ముందు, అంచులవి తర్వాత పూర్తిగా తిప్పండి.

జిగురు ఆరేలోపు రెండు కొలతలు చూడాలి. అడుగు పై ముఖానికీ సీటు కింది ముఖానికీ మధ్య దూరం ఎక్కడ కొలిచినా 386 మి.మీ. రావాలి. రెండోది మెలిక. ముందు నుంచి ఒక కన్ను మూసుకుని చూస్తే సీటు అంచూ అడుగు అంచూ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. మెలిక ఉంటే మరలు ఒక చుట్టు వదిలి సరిచేయండి. ఎపాక్సీ గట్టిపడ్డాక చేయగలిగింది ఏమీ లేదు.

కూర్చునే ముందు

ఎపాక్సీ పూర్తిగా గట్టిపడడానికి డబ్బా మీద రాసినంత సమయం ఇవ్వండి. సీటు వెనక అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోండి. 40 కిలోల ఇసుక బస్తాలు సీటు మధ్యలో పెట్టండి, తర్వాత 80, ఆ తర్వాత 100. బరువు ఉన్నప్పుడు అంచు కొన్ని మి.మీ. దిగడం మామూలే, ఈ కుర్చీ కొంచెం ఊగుతుంది, అది దాని సుఖం. బరువు తీశాక మళ్లీ కొలవండి. ఒక మి.మీ. కన్నా ఎక్కువ దిగి ఉండిపోతే అతుకు జారిందని అర్థం. చిటపట శబ్దం వస్తే ఏ మూల నుంచో చెవి పెట్టి వినండి. సాధారణంగా అది చీలకూ వాలుకూ మధ్య ఖాళీ మిగిలిన చోటే. అక్కడ మరలు తీసి, ఎపాక్సీ ఎక్కించి మళ్లీ బిగించాలి. జిగురు కక్కిన అంచును చూసి బాగానే ఉందనుకోవద్దు.

పరీక్ష అయ్యాకే గుంటలు మూయండి. అదే చెక్క నుంచి తీసిన బిళ్లలు, నార దిశ కలిసేలా. సీటు ముందు మొనను 4 మి.మీ. వ్యాసార్ధానికి గుండ్రం చేయండి, లేకపోతే మోకాళ్ల వెనక కోసుకుంటుంది. అడుగు వెనక మొనకు 2 చాలు, చిట్లకుండా ఉంటే సరి. అడుగు కింద నాలుగు మూలలా పలచటి ఫెల్ట్ ముక్కలు అంటించండి. ఇంత పెద్ద చదును ముఖం ఏ నేలమీదా పూర్తిగా ఆనదు, ఫెల్ట్ లేకుంటే కుర్చీ ఊగుతూ చప్పుడు చేస్తుంది.

నూనె పూసినా వార్నిష్ వేసినా పలకలకు రెండు ముఖాలకూ, అంచులకూ సమానంగా వేయండి. అడుగు కింది ముఖం ఎవరికీ కనపడదు కదా అని వదిలేస్తే ఆ వైపు తేమ ఎక్కువ పీల్చి పలక డొప్పదేలుతుంది. ష్రోడర్ ఇంటి ఎరుపు, పసుపు, నీలం వేయాలని ఉంటే, చెక్క కదిలే కొద్దీ పలకల అతుకుల దగ్గర రంగు సన్నగా పగులుతుందని తెలిసి వేయండి. రంగే కావాలంటే 24 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ మేలు. అప్పుడు పై పొర నార వంపుల వెంటే ఉండాలి. మందం మారుతుంది కాబట్టి వాలు పొడవు 540కి తగ్గుతుంది, వీపు 334 అవుతుంది, సీటు ఎత్తు మారదు.

కుర్చీ అలవాటయ్యాక కూడా వెనక్కి ఊగొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మామూలు కుర్చీలో వెనక్కి ఊగితే రెండు కాళ్ల మీద నిలుస్తారు. ఇక్కడ అడుగు వెనక అంచు సీటు అంచు కన్నా 6 సెంటీమీటర్లే అవతల ఉంది, ఆ అంచు దాటితే నేరుగా వెల్లకిలా పడతారు.